కుడి తలుపు అద్దం

మా అన్నకు కుడి చెయ్యి పడిపోయిన ఏడాది నేను కారు తలుపు విప్పడం నేర్చుకున్నాను. యాభై నాలుగేళ్ళ వయసులో సరదాపడి నేర్చుకునే విద్య కాదది. పొద్దున్నే దుకాణం తెరవడం, చింతపండు తూకాలు, మధ్యలో లోపలికి వచ్చి అన్నకు స్నానం, అన్నం, మందులు, మళ్ళీ దుకాణం. వీటన్నిటి మధ్య ఆ తలుపుకి వేళ ఎక్కడ దొరికిందో తలచుకుంటే ఇప్పటికీ నడుము పట్టేసినట్టుంటుంది.

తెలుగు నేలకి సరిహద్దు దాటగానే ఉండే కొంట అనే ఊళ్ళో మా నాన్న పెట్టిన కిరాణా దుకాణం అది. నాన్న తర్వాత అన్న నడిపాడు. వదిన పోయింది, మా ఆయన పోయాడు. చిన్నప్పుడు కొట్టుకుంటూ పెరిగిన ఇంట్లోనే మళ్ళీ ఇద్దరం మిగిలాం. దుకాణం వెనక రేకుల షెడ్డులో నాన్న కొన్న తెల్ల అంబాసిడర్ ఉంది. సరుకుకీ, పెళ్ళిళ్ళకీ, ఎవరికైనా పురిటినొప్పులు వస్తే ఆసుపత్రికీ ముప్పై ఏళ్ళు అన్నే దాన్ని తిప్పాడు. కుడి మోచెయ్యి కిటికీ మీద పెట్టి, ఎడం చేత్తో స్టీరింగ్ పట్టుకుని పోయేవాడు. బజార్లో జనం ముందు మోచేతిని చూసి, తర్వాత మనిషిని పలకరించేవాళ్ళు.

రెండేళ్ళ కిందట లారీలోంచి బస్తాలు దింపుతుంటే చెక్క జారి ఆ కిటికీ అద్దం మీద పడింది. అద్దం పొడిపొడి అయింది. రేపు వేయిద్దాం అని అన్న ఒక అట్టముక్క అడ్డం పెట్టాడు. ఆ రేపు వచ్చేలోపల పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి, సగానికి పైగా మాట పోయాయి. కాలు కొంత దారికొచ్చింది. మాట ఒక్కొక్కటిగా వస్తోంది. చెయ్యి మాత్రం ఒళ్ళో పడేసిన సంచిలా ఉండిపోయింది.

జగదల్‌పూర్‌లో డాక్టరు హిందీలో ఉన్నదున్నట్టు చెప్పాడు. మొదటి ఆర్నెల్లలో ఎంత కదలిక తెచ్చుకుంటే అంత, ఆ తర్వాత వచ్చేది తక్కువ అన్నాడు. నేను అన్న వైపు తిరిగి, దసరాకల్లా సంతకం పెడతావట అని తెలుగులో చెప్పాను. అన్నకు నాకన్నా బాగా హిందీ వచ్చు. నా ముఖంలోకి ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు నుంచి చెయ్యి గురించి నేనేం చెప్పినా నమ్మడం మానేశాడు. నేను చెప్పడం మానలేదు. రోజూ పొద్దున ఆ చేతికి నూనె మర్దన చేస్తూ, నిన్నటికన్నా నయం అనేదాన్ని. లేని నయాన్ని రోజుకొకటి పుట్టించడం కూడా చాకిరీయే. దానికి ఆదివారం సెలవు కూడా ఉండదు.

ఆ నూనె కిష్టారం నుంచి వచ్చే ఒక అవ్వ తెచ్చిస్తుంది. ఇప్పగింజలు ఆడించి తీసిన నూనె. ఇక్కడ కూరలోకీ అదే, దీపానికీ అదే, నొప్పులకీ అదే. పిసకమని డాక్టరిచ్చిన రబ్బరు బంతిని అన్న మూడో రోజే వీధిలోకి విసిరేశాడు. విసిరింది ఎడం చేత్తోనే. బతిమాలాను, తిట్టాను, ఒక పూట మాట్లాడకుండా కూర్చున్నాను. ఏ మందూ పనిచేయలేదు. దసరా వచ్చి వెళ్ళింది.

ఒకరోజు మంచం మీద కూర్చోలేక కారులో కూర్చోబెట్టమని సైగ చేశాడు. డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, కుడి చెయ్యి జారిపోకుండా తలుపుకి ఆనించాను. నీళ్ళ చెంబుతో తిరిగొచ్చేసరికి ఆ చేతి వేళ్ళు అద్దం దించే హ్యాండిల్ మీద ముడుచుకుని ఉన్నాయి. హ్యాండిల్ మెల్లగా తిరుగుతోంది. పైన అద్దం లేదు కాబట్టి బరువేమీ లేదు, ఊరికే తిరుగుతోంది. బంతిని పట్టని వేళ్ళు ముప్పై ఏళ్ళ అలవాటును పట్టుకున్నాయి. నేను చెంబు కింద పెట్టి నిలబడిపోయాను. అన్న నన్ను చూసి, "అద్దం" అన్నాడు. ఊరికే తిరిగితే లాభం లేదు, బరువు కావాలి అని అర్థం.

ఆర్నెల్లలో అప్పటికి మిగిలింది రెండు నెలలు. విజయవాడలో పాత కార్ల సామాన్లు అమ్మే చోట ఆ అద్దం దొరికింది. తెలిసిన బస్సు డ్రైవరు దాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. వెంట కొత్త రబ్బరు పట్టీలు, తలుపు అంచున వేసే మెరుపు బీడింగ్ కూడా వచ్చాయి. మెకానిక్ కోసం పది రోజులు చూశాను. రేపన్నాడు, ఎల్లుండన్నాడు. ఇక లాభం లేదని నేనే స్క్రూడ్రైవర్ పట్టాను. ఎదురుగా వెల్డింగ్ దుకాణం ఆయన వచ్చి తుప్పుపట్టిన మరలు మాత్రం కదిలించి వెళ్ళాడు. ఇనుమైతే తెలుసు, అద్దం జోలికి రానన్నాడు.

అన్న కుర్చీలో కూర్చుని ఎడం చేత్తో చూపించేవాడు. "పిన్ను" అంటే హ్యాండిల్ వెనక పిన్ను లాగాలి. "కింద" అంటే తలుపు లోపలి రెక్సిన్ అట్టను కింది నుంచి ఊడదీయాలి. "కాదు" మాత్రం చాలాసార్లు వచ్చేది, చాలా స్పష్టంగా వచ్చేది. తలుపు పొట్టలోంచి అద్దం ముక్కలు, చింతగింజలు, ఒక పెన్ను మూత తీశాను. చెయ్యి రెండుచోట్ల కోసుకుంది. దుకాణంలోంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి చక్కెర కట్టి వచ్చేదాన్ని. వచ్చేసరికి ఏ మర ఎక్కడిదో మరిచిపోయేదాన్ని. అన్న విసుక్కునేవాడు. నాకు ఏడుపొచ్చేది. ఆ పని నాలుగు మధ్యాహ్నాలు పట్టింది.

అద్దం కూర్చుంది. దాని కింది అంచును రేకు కాలువలో బిగించి, పక్కన అద్దం జారే గాడిలో కంబళి గుడ్డలాంటి కొత్త పట్టీ వేశాను. బీడింగ్ వంకరగా ఉందని అన్న ఊడదీయించి మళ్ళీ వేయించాడు. చెయ్యి ఆడించుకోవడానికి బీడింగ్ ఎందుకని అరిచాను. దుమ్ము వస్తుందన్నట్టు ముక్కు చూపించాడు. షెడ్డులో ఉన్న కారుకి ఎక్కడి దుమ్మో మరి.

తిప్పి చూస్తే కొత్త పట్టీ అద్దాన్ని గట్టిగా పట్టేస్తోంది. నాకే రెండు చేతులూ కావలసి వచ్చింది. లోపల సబ్బు రుద్దమని వెల్డింగాయన చెప్పి వెళ్ళాడు. లేచి సబ్బు తేవడానికి ఓపిక లేదు. పక్కనే మర్దన నూనె సీసా ఉంది. ఎండలో ఉండి పల్చగా, బంగారం రంగులో ఉంది. గాడి పొడవునా పోసేశాను. అద్దం వెన్నలా జారింది. అన్న కుడి చేత్తో హ్యాండిల్ పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ ఒక చుట్టు తిప్పాడు. తర్వాత ఇంకొకటి. అద్దం నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. నాలుగు నెలల తర్వాత ఆ ముఖంలో నవ్వు చూశాను. "రేపు," అన్నాడు. మిగతాది నేను పైదాకా ఎక్కించి పెట్టాను.

మర్నాడు చలి. నాకన్నా ముందే లేచి, ఎడం చేత్తో చొక్కా తగిలించుకుని, ఒక్కడే షెడ్డుదాకా నడిచాడు. నేను వెళ్ళేసరికి హ్యాండిల్ మీద నుంచి ఆ చెయ్యి జారుతోంది, మళ్ళీ పెడుతున్నాడు, మళ్ళీ జారుతోంది. అద్దం వెంట్రుకవాసి కదల్లేదు. చివరికి కుడి చేతిని ఎడం చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోయింది," అన్నాడు.

కొత్తది కదా, బిగుసుకుని ఉంటుందని ఏదో అన్నాను. నా నోటికి అలవాటే కదా. అన్న తల తిప్పేసుకున్నాడు. నాలో ఉన్న కాస్త సత్తువా అక్కడే అయిపోయింది. ఏం చేయాలో తోచక, రోజూ చేసే పనే చేద్దామని వంటింట్లోకి వెళ్ళి, మర్దన నూనె కరగబెట్టడానికి వేడినీళ్ళు పెట్టాను. సీసా చేతిలోకి తీసుకున్నాను. నూనె తెల్లగా, నెయ్యిలా గడ్డకట్టి ఉంది.

చలికాలం మొదలైనప్పటి నుంచి ప్రతి పొద్దునా నేనే దాన్ని కరగబెడుతున్నాను. అదే నూనెను అద్దం గాడి నిండా పోశాను. కొంటలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి, అలసటలో నా బుర్రకు తట్టలేదు. నన్ను నేను తిట్టుకుంటూ పరుగెత్తాను.

"నీ చెయ్యి కాదన్నా. నూనె గడ్డకట్టింది. తప్పు నాదే."

"అబద్ధం," అన్నాడు.

సీసా తలకిందులుగా పట్టి చూపించాను. చుక్క జారలేదు. అన్న చూశాడు, నమ్మలేదు. నేను రెండు చేతులతో హ్యాండిల్ తిప్పబోయాను, కదల్లేదు. నటిస్తున్నాననుకున్నాడు. నీ ఎడం చేత్తో తిప్పి చూసుకోమన్నాను. ఆ చెయ్యి ఎత్తనే లేదు. ఎడం చేతికి తిరిగితే ఇక కుడి చెయ్యి ఆశ కూడా పోతుందని భయపడ్డాడని నాకు తర్వాత తట్టింది. నిజం చెప్పిన ఆ ఒక్కరోజు నా మాటకు విలువ లేకుండా పోయింది. ఆ విలువ పోగొట్టుకుంది నేనే.

షెడ్డుకి ముందువైపు గోడ లేదు. పదింటికల్లా ఎండ కుడి తలుపు మీద పడుతుంది. అప్పటిదాకా చూద్దామని ఎడం పక్క సీట్లో కూర్చున్నాను. దుకాణం తాళం తీయలేదు. పండక్కి కూడా మూయని దుకాణం. కాస్త వెనక్కి వాలాను. అంతే, నిద్ర పట్టేసింది.

బజారు రొద చెవుల్లో పడి మెలకువ వచ్చింది. ఆటో హారన్, డోర్లీ భాషలో ఆడవాళ్ళ మాటలు, వాటితో పాటు గాలి. అద్దం పూర్తిగా దిగి ఉంది. అన్న నుదుటి మీద చెమట. కుడి అరచేతిలో హ్యాండిల్ గుండు ఒత్తుకున్న ఎర్రటి మచ్చ. మోచెయ్యి కిటికీ మీద, బీడింగ్ మీదుగా, దాని పాత చోట్లో ఉంది.

"నూనెనే," అన్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తుంటే ముందువైపు నుంచి ఎవరో దుకాణం ఏంది ఇంకా తెరవలేదని పిలిచారు. కళ్ళు తుడుచుకుని లేవబోయాను. అన్న తల అడ్డంగా ఊపాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఆగి ఆగి, వీధికి వినపడేట్టు అన్నాడు:

"ఇయ్యాల... బంద్."

నేను మళ్ళీ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను.