జడ్జిగారి తమ్ముడి కొడుకు

పోయిన వారం మదనపల్లె కోర్టు నుంచి ఇద్దరు కుర్ర లాయర్లు ఇంటికి వచ్చి, తమ హాలులో మా పెదనాన్న ఫోటో పెడుతున్నామనీ, ఆయన్ను ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను గనక వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాలనీ అడిగారు. మోకాళ్ళ నొప్పులని తప్పించుకున్నాను. మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి, ఆ సాయంత్రమే పాలపాకెట్టు కోసం వీధి చివరిదాకా నడిచి వెళ్ళాను. నా ఈడువాళ్ళయిన మీ దగ్గర దాపరికం ఎందుకు, ఎనభై ఆరేళ్ళు వచ్చినా ఆ మనిషంటే నాకు కడుపుమంట.

మా తాత మిషను బడిలో అయ్యవారు. ఆయన పెద్దకొడుకైన మా పెదనాన్న మదరాసులో లా చదివి, తెల్లదొరల కాలంలో మదనపల్లెలో ప్లీడరుగా బోర్డు పెట్టి, చుట్టుపక్కల రైతుల భూమి తగాదాలతోనే పేరు తెచ్చుకున్నాడు. మా నాన్న ఆయన దగ్గరే పని నేర్చుకుని, పుంగనూరు కోర్టులో అప్పుడప్పుడే తన కాళ్ళమీద తాను నిలబడుతున్నాడు. అంతలో పెదనాన్నకు మున్సిఫ్ ఉద్యోగం వచ్చింది, రెండు మూడు ఊళ్ళు తిప్పి తిప్పి ఆయన్ను తెచ్చి పుంగనూరులోనే కూర్చోబెట్టారు. అన్న జడ్జిగా ఉన్న కోర్టులో తమ్ముడు వాదించకూడదు గనక ఇద్దరిలో ఒకరు కదలాలి. పెదనాన్న ఒక్క కాగితం రాసి ఇంకో ఊరు అడిగి ఉండవచ్చు. అదేమీ జరగలేదు, మా నాన్నే లా పుస్తకాలనూ మమ్మల్నీ బండికెక్కించుకుని కుప్పం చేరాడు.

కుప్పంలో పెద్ద దావాలు ఎక్కడివి, ఒకడి మేక ఇంకొకడి చేను మేసిందనే కేసులే ఎక్కువ. పైగా అక్కడ నాన్నను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ ఆయన జడ్జిగారి తమ్ముడే. ఒకసారి చౌడేపల్లె నుంచి ఒక ముసలి రైతు సంకలో కోడిపుంజుతో బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. "మీ అన్నకాడ నా దావా ఉండాది, నువ్వొక మాట సెప్పప్పా, తోడబుట్టినోడి మాట తీసేస్తాడా?" అన్నాడు పాపం, ఎంతో నమ్మకంగా. తాను ఊరు వదిలి వచ్చిందే ఇలాంటి మాట పడకూడదని అతనికి ఎలా చెప్పాలో తెలియక, నాన్న అతనికి అన్నం పెట్టించి కోడిపుంజుతో సహా తిరుగు బస్సు ఎక్కించాడు.

ఆ కోడిపుంజు కంటే ముందే కబురు పుంగనూరు చేరింది. ఆ దావా తేలేదాకా పెదనాన్న మాతో మాట మానేశాడు. నెలకొక ఆదివారం మేమూ వాళ్ళూ మదనపల్లె చర్చికి వచ్చేవాళ్ళం. ఆయన అన్నిటికంటే వెనకబల్ల మీద, పక్కన ఎవరినీ కూర్చోనివ్వకుండా ఒంటరిగా కూర్చుని, చివరి ప్రార్థన ముగియకముందే లేచి వెళ్ళిపోయేవాడు. ప్రసంగం జరుగుతున్నంతసేపూ నాన్న మెడ తిప్పి తిప్పి ఆ వెనకబల్ల వైపే చూసేవాడు. నేను చొక్కా పట్టుకుని లాగినా నా వైపు తిరిగేవాడు కాదు. అసూయ అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే, దేవుడి ఎదుటే. మా నాన్న నన్ను ఒక్కసారైనా అలా చూడాలి, నాకు కావలసిందల్లా అంతే.

నేను లా చదివింది కూడా అందుకే. పెదనాన్న జిల్లా జడ్జి దాకా వెళ్ళి, రిటైరై, మదనపల్లెలో రోజాచెట్లు పెంచుకుని, అందరిచేతా మంచివాడనిపించుకుని పోయాడు. సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తూ, ఇంకో ఊరు అడుగుతూ పెదనాన్న ఒక్క కాగితం ఎందుకు రాయలేదని, ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాట నాన్నను అడిగేశాను. ఆయన నడుస్తున్నవాడు ఆగిపోయాడు. "రాస్తాననే అన్నాడప్పా మీ పెదనాయన, నేనే వద్దంటి. మన పుంగనూరు కోర్టులో, ఆ కుర్సీలో మాయన్న కూర్సోనుండాడంటే నాకెంత గొప్పో నీకేం తెలుసు," అన్నాడు. అన్యాయం జరిగిందన్న ఒక్క ఆధారం మీద బతికినవాణ్ణి, అది కూడా పోయింది, మంట మాత్రం మిగిలింది.

తరువాత కొన్నాళ్ళకు మదనపల్లె కోర్టులో నా మొదటి పెద్ద దావా. చెప్పకుండానే నాన్న కుప్పం నుంచి వచ్చి గోడవారగా నిలబడ్డాడు. నేను వాదిస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని ఉన్నాడు. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, తడిసిన కళ్ళతో, "కండ్లు మూసుకుంటే అచ్చం మాయన్న గొంతేరా," అన్నాడు. ఆయన జన్మలో నాకిచ్చిన మెప్పు అదొక్కటే.

ఇప్పుడు మదనపల్లె కోర్టులో ఎవరి గొంతు ఎవరిదో నాకు తెలియదు, అందరూ కాగితాలు అందించి ఫోన్లు చూసుకుంటున్నారు. పెదనాన్న గొంతూ నా గొంతూ రెండూ విన్నవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. అది నా గొంతేనని ఒక్కరైనా చెబుతారేమోనని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను; చెప్పగలిగినవాళ్ళందరూ వెళ్ళిపోయారు.