ట్యాగు మీద ఒక ధర, బిల్లులో ఇంకోటి

రెండేళ్ల క్రితం వేసవి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సూపర్ మార్కెట్లో నేను ఫ్లోర్ మేనేజర్‌ని. ర్యాకుల్లో సరుకు సర్దించడం దగ్గర్నుంచి కౌంటర్లో గొడవలు సర్దిచెప్పడం దాకా అన్నీ నా పనే.

మా దగ్గర ధర రెండు చోట్ల ఉండేది. ర్యాకుకు పెట్టే చిన్న చీటీ షెల్ఫ్ ట్యాగ్. దాన్ని మేం చేత్తో మార్చాలి. కౌంటర్లో ప్యాకెట్ మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తే వచ్చేది కంప్యూటర్లోని ధర. దాన్ని ఓనరుగారు ఆఫీసు నుంచి మార్చేవారు. ఆఫర్ అయిపోగానే కంప్యూటర్లో ధర పెరిగిపోయేది, ర్యాకుకు పాత ట్యాగే ఉండిపోయేది. రెండూ ఎమ్మార్పీ లోపే కాబట్టి చాలామంది గమనించేవారు కారు. గమనించినవాళ్లు మాత్రం బిల్లింగ్‌లో కూర్చున్న సుజాతను నిలదీసేవారు.

సుజాతది గుణదల. నెమ్మదైన పిల్ల. ఒక ఆదివారం సాయంత్రం లైను బాగా ఉండగా, నూనె క్యాన్‌కు ఎక్కువ వేశావని ఒక పెద్దావిడ ఆమెను పట్టుకున్నారు. సుజాత స్క్రీన్ తిప్పి చూపించినా నమ్మలేదు. ఆ తేడా నీ జేబులోకేనా అని అందరి ముందూ అనేశారు.

నేను వెళ్లేసరికి సుజాత కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. మొహం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు.

"అమ్మగారూ, ఆ ధర ఎక్కడ చూశారో చూపించండి. సార్, మీరు కూడా రండి," అంది.

లైనును పక్క కౌంటర్‌కు పంపి ముగ్గురం నూనెల దగ్గరికి వెళ్లాం. పాత ట్యాగే ఉంది. అది ఎందుకు మారలేదో ఆవిడకు చెప్పాను.

"అనకూడని మాట అన్నానమ్మా," అన్నారావిడ సుజాతతో.

"మీరు చూసిందే అడిగారు లెండి," అని సుజాత నా వైపు తిరిగింది. "ఈ ట్యాగులన్నీ సరిచేసేదాకా నేను సీట్లో కూర్చోను సార్. రోజూ మాటలు పడేది నేనేనండీ."

పెద్దావిడకు ట్యాగు ధరకే బిల్లు వేయించి, కౌంటర్ ఆపుతున్నానని ఓనరుగారికి ఫోన్ చేశాను. ఆదివారం రద్దీలో ఆపడమేమిటని ఆయన కోప్పడ్డారు. ఈ అమ్మాయి మానేస్తే రేపు వచ్చే అమ్మాయికీ ఇవే మాటలు తప్పవన్నాను. ఆయన సరే కానివ్వమన్నారు.

సుజాత చేతి స్కానర్‌తో ఒక్కో ర్యాకులో సరుకు స్కాన్ చేసి చూసుకుంటూ వెళ్లింది. నేను వెనకాలే తప్పు ట్యాగులు తీసేసి కొత్తవి పెడుతూ వెళ్లాను. పప్పుల్లో, సబ్బుల్లో, బిస్కెట్లలో, నేననుకున్నదానికంటే చాలా ఎక్కువే దొరికాయి. అప్పట్నుంచి ముందు ట్యాగు, తర్వాతే కంప్యూటర్ అని నియమం పెట్టుకున్నాం. తేడా వస్తే ట్యాగు ధరే తీసుకోవడానికి ఓనరుగారు ఒప్పుకున్నారు. సుజాత మర్నాడు మామూలుగానే డ్యూటీకి వచ్చింది.

కొనేవాళ్లకు మేం మాటిచ్చేది ర్యాకు దగ్గరే. అక్కడ మేం మాట తప్పితే, దొంగ అన్న మాట పడేది కౌంటర్లో కూర్చున్న మనిషి. ఇప్పుడు వేరే షాపులో చేస్తున్నా, పొద్దున్నే షట్టర్ ఎత్తగానే నేను ముందు చూసేది ట్యాగులే.