అవ్వ కోసం అడిగిన చోటు

నేల అడుగున పోయే గ్యాసు గొట్టాలను కాపాడటం నా ఉద్యోగం. కరీంనగర్ నుంచి వేములవాడ వైపు పొలాల కింద సాగే లైను మీద ఎవరు తవ్వదలచినా, పసుపు గుర్తురాయి మీది నంబరుకు ముందుగా ఫోన్ చేయాలి. చేసేవారు తక్కువ. ఒక ఎండాకాలం ఉదయం ఒక రైతు చేశాడు. తల్లి చనిపోయిందనీ, గుంట తీయవచ్చునా అనీ అడిగాడు.

నేను వెళ్లేసరికి ఆమెను వేపచెట్టు నీడన పాడె మీద ఉంచారు. పొలం చివర ఆమె భర్త సమాధి ఉంది. ఆయన పోయిన తరువాత లైను వచ్చింది. సమాధిని తప్పించి దాని పక్కనుంచి వేశారు. రెండో పక్క కాలువ కట్ట. తలవైపు గానీ కాళ్లవైపు గానీ పెట్టే ఆచారం వారిలో లేదు. తనను భర్త పక్కనే పెట్టాలని ఆమె కొడుకు దగ్గర మాట తీసుకుంది.

ఆ పక్కనే గొట్టం ఉందని పటం చెబుతోంది. పటాలను నేను నమ్మను. గుర్తురాళ్లను అసలే నమ్మను. ట్రాక్టరు తగిలితే అవి జరుగుతాయి. గొట్టంలోకి పంపిన సిగ్నల్‌ను నేల మీదనుంచి పట్టే యంత్రం తీశాను.

"జర మంచిగ చూడుండ్రి మేడం. ఒక్క మనిషి పట్టే జాగ సాలు," అన్నాడు కొడుకు.

పాడె దగ్గర కండువాతో ఈగలు తోలుతున్న అతని చిన్నాయన ఊరుకోలేదు. "నిన్నెవలు ఫోన్ జెయ్యమన్నరురా? మీ అవ్వ బతికున్నన్ని దినాలు ఎవ్వలకోసం ఆగలే. ఇయ్యాల మిషిన్ కోసం ఆపినవ్."

"రాయి మీద రాసిండ్రు గద చిన్నాయనా."

"గీ ఊర్లె రాయి మీద రాసింది సదివెటోనివి నువ్వొక్కనివే ఉన్నవ్."

గడ్డపార తగిలిన వెంటనే గొట్టం పగిలి తీరుతుందని నేను చెప్పలేను. పైపూత మాత్రమే చిట్లవచ్చు. ఆ రోజు ఏమీ కాదు. చిట్లిన చోట తుప్పు మొదలవుతుంది. గ్యాసు బయటపడే నాటికి గుంట తీసినవారెవరో ఎవరికీ గుర్తుండదు.

యంత్రం పటం చెప్పిన చోటునే చూపింది. అవతలి నుంచి మళ్లీ నడిచాను. అదే చోటు. పక్కనున్న బోరు మోటారు తీగ సిగ్నల్‌ను తప్పుదారి పట్టిస్తోందేమోనని, మోటారు ఆపించి ఇంకోసారి చూశాను. ఎప్పుడు తిరిగి కొలిచినా తప్పు దొరుకుతుందేమోనన్న భయంతోనే కొలుస్తాను. ఆనాడు దొరకాలని కోరుకున్నాను. దొరకలేదు.

"ఇక్కడ తవ్వద్దు," అన్నాను.

"బాపు పక్కన కానే కాదా?"

"కాదు."

చిన్నాయన కండువా భుజాన వేసుకుని అటు తిరిగాడు.

గొట్టం మీద తవ్వకూడని పట్టీకి అవతల కొడుకు ఇంకో చోటు చూపాడు. అక్కడా యంత్రం తిప్పి చూసి, తవ్వమన్నాను. మన్ను పోయడం ముగిసి అందరూ కాలువ దగ్గరికి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాక, అతను నా దగ్గరికి వచ్చాడు.

"గీ నడుమ జాగల చెట్టు పెట్టొచ్చునా మేడం?"

"చెట్టు వద్దు. వేర్లు గొట్టం దాక పోతయి."

"బంతి?"

"బంతి పెట్టుకోవచ్చు."

అతను తండ్రి సమాధి వైపు, తల్లి మీది పచ్చిమన్ను వైపు చూశాడు.

"అది ఏటేటా మళ్ల పెట్టాలె గద," అన్నాడు.