మజ్జిగ చాలన్న మామగారు

మా మామగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున తనంతట తానే లేచి, ముఖం కడుక్కుని, వరండాలో కుర్చీలో కూర్చుని కాఫీ అడిగారు. నేను కాఫీతో వచ్చేసరికి లేరు. ఏడ్చాను. ఆ ఏడుపు మధ్యలోనే హమ్మయ్య అని కూడా అనిపించింది. తప్పుగా అనుకునేవాళ్లు అనుకోనివ్వండి. మంచాన పడకుండా పోవాలన్నదే ఆయన కోరిక.

ఆయనది మార్కాపురంలో కందుల వ్యాపారం. తర్లుపాడు, బేస్తవారిపేట చుట్టుపక్కల ఆయన కాలు పెట్టని రైతు ఇల్లు లేదు. మనిషి భారీ. కొన్నేళ్ల కిందట స్నానాలగదిలో జారిపడితే, లేపడానికి మా బలం చాలక వీధిలోని మగవాళ్లను పిలవాల్సి వచ్చింది. దెబ్బ పెద్దది కాదు. కానీ ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన గుమ్మం దాటలేదు. స్నానానికి వెళ్లినా గడియ వేసుకునేవారు కాదు.

"మనిషిని నలుగురు మోసేది ఒక్కసారే ఉండాల అమ్మాయ్. నన్ను బతికుండంగనే మోసినారు," అన్నారు నాతో.

బరువు తగ్గకపోతే ఇక నడక కష్టమని మోకాళ్లు చూసిన డాక్టరు చెప్పాడు. మా ఆఫీసు ఆరోగ్య బీమాలో అత్తమామల పేర్లు కూడా రాయించాను. బరువు తగ్గడానికి డైటీషియన్ సలహాలు కూడా అందులోనే, ఫోన్లోనే ఇస్తారని అప్పుడు తెలిసింది. ఆయన నమ్మలేదు.

"ఆస్పత్రిలో పడితే గదా ఇన్సూరెన్సోళ్లు వచ్చేది. పడకముందే వాళ్లకేం పని?"

"పడకుండా ఉండాలనే మామా."

ఫోన్ ఇమ్మని చెయ్యి చాపారు.

డైటీషియన్ హైదరాబాదు నుంచి మాట్లాడే చిన్నపిల్ల. ఆమె 'సార్' అంటే ఒప్పుకోక 'పెదనాయనా' అనిపించుకున్నారు. ఆమె చెప్పినట్టే ఇంట్లో జొన్నరొట్టె, ఆకుకూర, కాస్త అన్నం. నెలలు గడిచినా బరువు కదల్లేదు. వంటలో నూనె ఎంత వేస్తున్నారని ఆమె నన్ను అడిగినప్పుడు ఒళ్లు మండింది కూడా.

చివరికి ఒకరోజు ఫోన్ స్పీకర్లో ఆమె తిండి సంగతి వదిలేసి, "నిన్న ఎవరెవరి ఇళ్లకు వెళ్లారు పెదనాయనా?" అంది. ఆయన హుషారుగా చెప్పుకొచ్చారు. ఒక ఇంట్లో బూరెలు, ఒక ఇంట్లో చక్కెర దండిగా వేసిన టీ, ఇంకో ఇంట్లో మనవడి పుట్టినరోజు కేకు.

"ఇవేవీ నాకు ఎప్పుడూ చెప్పలేదే?" అంది ఆ పిల్ల.

"అది తిండి ఎట్లయితాది తల్లీ? అది మర్యాద. వద్దంటే ఆ ఇంటోళ్ల ముఖం చిన్నబోతాది."

నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "మర్యాద మానొద్దు పెదనాయనా. ఏ ఇంటికి వెళ్లినా మీరే ముందుగా మజ్జిగ అడగండి. వాళ్లకు పెట్టామన్న తృప్తి ఉంటుంది," అంది.

అలాగే చేశారు. రైతుల ఇళ్లలో మొదట నొచ్చుకున్నారు. తర్వాత తర్వాత ఆయన ఆటో దిగుతుంటేనే లోపల కవ్వం చప్పుడయ్యేదట. బరువు మెల్లగా దిగింది. చేతికర్ర మూలన చేరింది. ఒకనాడు స్నానాలగది గడియ పడిన చప్పుడు విని, వంటింట్లో నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పిల్లకు, ఆ గడియ చప్పుడుకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మంగళవారం సాయంత్రం శ్మశానం నుంచి తడిబట్టలతో వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగి, "నాయన బరువు లేడు. మోసినోళ్లు ఎవురూ భుజం మార్చుకోలా," అన్నాడు. అప్పుడు ఇద్దరం ఏడ్చాం.

మూడో రోజున తర్లుపాడు నుంచి ఒక రైతు భార్య వచ్చింది. "పోయిన వారమే ఆటో దిగి నడుచుకుంటా వచ్చి తాగిపోయినాడమ్మా," అంటూ మూత కట్టి తెచ్చిన చెంబును ఎక్కడ పెట్టాలో తోచక, వరండాలో ఆయన కుర్చీ పక్కన పెట్టింది. మూత తీసి చూశాను. పలచటి మజ్జిగ, మీద తేలుతూ ఒక కరివేపాకు రెబ్బ.