టూల్‌రూమ్‌కి ఎంత దూరం

మనిషి పనిలో చేతులకెంత, అటూ ఇటూ నడిచే కాళ్లకెంత అని షాపు లేఔటు మీద ఇచ్చిన వారం రోజుల శిక్షణలో అడిగారు. కాళ్ల సంగతి అంతవరకూ నేనెప్పుడూ ఆలోచించలేదు. తిరిగొచ్చాక ఇంకేమీ ఆలోచించలేదు.

ఖరగ్‌పూర్‌లో రైల్వే మరమ్మతు షాపు ఒకదానికి నేను ఇన్‌ఛార్జిని. బ్రేకు సామాన్లు విప్పుతాం, కడుగుతాం, బాగుచేసి బిగిస్తాం. ఏ యంత్రం ఎక్కడుందంటే, వచ్చిన రోజున ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ. విప్పే బల్ల తూర్పున, కడిగే తొట్టి పడమట. ఆ సామాను తిరిగిన తిరుగుడికి పాసు ఇచ్చి ఉంటే ఈపాటికి దేశమంతా చూసొచ్చేది.

షాపు పటం గీసి చెక్కకి అంటించాను. మా ఆవిడ పూలు కట్టుకునే దారం ఉండ పట్టుకొచ్చి, ఎవరెవరు ఎటు నడుస్తున్నారో మూడు రోజులు వెనకాలే తిరిగి రాసుకుని, గుండుసూదులు గుచ్చి దారం లాగాను. బాత్రూమ్‌కి కూడా వస్తారా సార్ అని ఒక ఫిట్టరు వెటకారం చేశాడు. వస్తానన్నాను. వెళ్లాను కూడా.

దారాల్లో లావుపాటి కట్ట మూలనున్న టూల్‌రూమ్ కిటికీకి పోయింది. మా దగ్గర పద్ధతేమిటంటే, మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి స్పానరో గేజో తీసుకోవాలి. పని అయ్యాక అది ఇచ్చేసి బిళ్ల పట్టుకుపోవాలి. కిటికీలో కూర్చునేది నా దగ్గర పనిచేసిన ఫిట్టరు భార్య. అతను పోయాక ఆమెకి ఉద్యోగమిచ్చారు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ క్వార్టర్లో ఆమె అత్తగారు పక్షవాతంతో మంచాన ఉంది. మధ్యాహ్నం భోజనాల సైరన్ మోగగానే సైకిలెక్కి వెళ్లి, ఆవిడకి ముద్దలు తినిపించి, పక్క మార్చి వస్తుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ప్రతిపాదనలో రాశాను: టూల్‌రూమ్ ఎత్తెయ్యాలి, ఎవరి బల్ల దగ్గర వాళ్లకే పనిముట్లు ఉండాలి. ఆ పోస్టు సర్‌ప్లస్ అవుతుంది. సర్‌ప్లస్ అయిన మనిషిని ఖాళీ ఉన్నచోటికి పంపుతారు. ఆ ఖాళీ రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ రాని ఊళ్లో ఉంది. అది నా పని కాదనుకున్నాను. నా పని కాళ్లు.

మా బెంగాలీ ఆఫీసరు చూసి ఠీక్ హై అన్నాడు, శనివారం సంతకం పెడతానన్నాడు.

శుక్రవారం ఆమె నా గదికొచ్చింది. కబురు చేరడానికి మా షాపులో ఏ లేఔటూ అక్కర్లేదు. రూల్స్ ఇలా ఉన్నాయమ్మా అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె ఉద్యోగం మాటే ఎత్తకుండా పటం ఏమిటో చెప్పమంది. నా బుద్ధి ఎక్కడ తగలడిందో, సంబరపడి అంతా వివరించాను.

దారాలన్నీ నడిమధ్యకొచ్చి ఎందుకు వంగిపోతున్నాయని అడిగింది. అడ్డం ఉందన్నాను. నల్లగా గీతలు నింపినవి స్తంభాలు, కప్పుని మోస్తాయి, వాటిని కదపలేం.

"స్తంబాలు నాకు తెల్దేటన్నయ్యా. పన్నెండు. నువ్వు పదమూడు ఏసినావు."

లెక్కపెట్టాను. పదమూడోది నా గది. మూడు వైపులా అద్దాలు, లోపల ఫ్యాను, కుర్చీ, నేను.

"అదేటి మోస్తంది?" అంది.

నేను పటం మీద ఆ నల్లటి గడిని అరచేత్తో మూశాను.

"నన్నక్కడ కూకోబెట్టు. అందరికీ దగ్గిరే. మా అత్తనొగ్గీసి నానెక్కడికీ ఎల్లలేను."

ఒళ్లు మండిపోయింది. పని చూసుకో పో అన్నాను. వెళ్లింది. తలుపు మెల్లగా వేసి మరీ వెళ్లింది, దానికి ఇంకా మండింది. కాసేపటికి కోపం దిగి సిగ్గు మిగిలింది. ఎదిగిన మనిషిని, ఇంజనీరుని, ప్రతివాడి అడుగూ లెక్కపెట్టి, వాళ్లు దేన్ని చుట్టి నడుస్తున్నారో చూసుకోలేదు. సూదులు పీకి, పటంలో టూల్‌రూమ్ కిటికీని నా గది చోట పెట్టి దారం మళ్లీ కట్టాను. సగం దారం మిగిలిపోయింది.

శనివారం ఆఫీసరు కొత్త పటం చూసి, మరి నువ్వెక్కడ కూర్చుంటావని అడిగాడు. మూల ఖాళీ అవుతుంది కదా అన్నాను. నా మొహంలోకి ఓసారి చూసి సంతకం పెట్టాడు.

ఇప్పుడు నా కుర్చీ ఆ మూలనే. నెల తర్వాత మళ్లీ మూడు రోజులు అందరి నడకా రాసుకున్నాను. నా దగ్గరికి ఎవరూ రాలేదు. పని ఎక్కడా ఆగలేదు. పైకి పంపిన నివేదికలో మొదటి మాట రాయలేదు, రెండోది రాశాను.

ఈమధ్య ఆమె అత్తగారికి ముద్ద దిగడానికి చాలాసేపు పడుతోంది. మళ్లీ పనిలోకి పిలిచే రెండో సైరన్ అయ్యాక కూడా పావుగంట ఆలస్యమవుతోంది. ఆ పావుగంట కిటికీలో నేను కూర్చుంటాను. ఎవరికేం కావాలో అడిగి ఇస్తాను. రోజు మొత్తంలో నాతో మనుషులకి పని పడేది అప్పుడే.