బోరు కాడి ఆటో స్టార్టర్

నర్మెట్ట దగ్గర మా బోరుకున్న ఆటో స్టార్టర్‌ను నేను తీయించింది నిరుడు ఫిబ్రవరి రెండో సోమవారం, పొద్దున ఏడుంబావుకు.

దాన్ని పెట్టించిందీ నేనే. అప్పట్లో వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట వచ్చేది, ఎన్ని గంటలకో తెలిసేది కాదు. మోటరు వేయడానికి చీకట్లో వెళ్లిన మా ఇంటాయన గట్టు మీద పాము కరిచి చనిపోయాడు. దినాలు అయిన మర్నాడే జనగామ వెళ్లి ఆ డబ్బా కొన్నాను. కరెంటు రాగానే మోటరు దానంతటదే నడిచేది. ఆయన నాటిన బత్తాయి చెట్లు అట్లా బతికాయి. నన్ను చూసి పక్క చేను మరిది కూడా పెట్టించాడు.

తర్వాత కరెంటు పగలూ రాత్రీ ఉండసాగింది. డబ్బాలతో ఇక పని లేదు. అయినా ఎవరూ తీయలేదు. మడి నిండి బాట మీద పారినా మోటర్లు ఆగేవి కావు. బోర్లు రెండు, కింద ఊట ఒక్కటే. అది ఏటేటా దిగింది. నా చెట్లు ఆకు ముడిచాయి.

మరిది ఇంటికి వెళ్లి, ఇద్దరం డబ్బాలు తీసేద్దాం, అవసరమైనంతసేపే వేసుకుందాం అన్నాను.

"అన్న పానం పోయినంక పెట్టినవి వదినె. తీయబుద్ధెట్లైతుంది నీకు?"

"మీ అన్న చీకట్ల పోయిండు. ఇప్పుడు పగలు గూడ ఉన్నది కరెంటు. పోయి వేసుకో."

"నా మోకాళ్ల సంగతి నీకేం ఎర్క."

"కల్లు మండువకు మంచిగనే నడుస్తయి గద అవి."

అతని భార్య కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అతనూ నవ్వాడు.

"సరే, ముందుగాల నువ్వు తియ్యి. ఎనుక నేను తీస్త."

నేను తీయించాను. అతను తీయలేదు. వరి పొట్టకొచ్చింది, కోత కానియ్యి అన్నాడు. అతని బోరు నాదాని కన్నా లోతు. నేను ఆపుకున్న నీళ్లు అతని మడి దాటి బాట మీద పారుతుంటే రోజూ చూశాను. మే నెలలో నా బోరు గాలి కక్కింది. వెళ్లి చెప్పాను.

"నిన్ను తియ్యమన్నదెవరు వదినె?" అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

అతని డబ్బా మీద పచ్చలైటు ఇప్పటికీ వెలుగుతోంది.

పోయినవి: బోరు ఒకటి. బత్తాయి చెట్లు నలభై ఆరు. మరిది ఇంటికి రాకపోకలు.