మంత్రిని కొట్టని మధ్యాహ్నం

కొండ మీది పై సైనిక పోస్టులో మనవైపు కుర్రాడు ఉన్నాడని నాకు మొదట చెప్పింది వంట చూసే హవల్దారు. నేను కనుమ దగ్గరి పోస్టులో దిగిన రోజే, వేడి రొట్టె చేతిలో పెడుతూ చెప్పాడు. ఆయన మేలు మరువను. బస్సుల్లో వచ్చే ఆడవాళ్లను తనిఖీ చేయడం నా డ్యూటీ. డిసెంబరులో మంచు పడి రోడ్డు మూసేశారు. నన్ను రేడియో దగ్గర కూర్చోబెట్టారు.

సాయంత్రం అయిదింటికి పై పోస్టు క్షేమ సమాచారం చెప్పేది. తర్వాత ఆ కుర్రాడూ నేనూ రేడియోలోనే చదరంగం. పోస్టు కమాండరు అనుమతించారు. గడులకు అంకెలు వేసుకుని, ఎత్తు వెంట ఎత్తు చెప్పుకునేవాళ్లం. అతనిది గరికపాడు, నాది నందిగామ. ఎప్పుడూ రెండో ఎత్తుకే మంత్రిని బయటికి లాగేవాడు. చదువూ చదరంగమూ నాకు ఇంట్లోనే నేర్పిన నాన్న, అలా తెస్తే మంత్రికి పరుగులే మిగులుతాయనేవారు. అదే చెప్పాను.

"మా నాన్న లారీ ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ ముందు లైన్లో ఉండేదక్కా. మా వంతు వచ్చేలోపు ఆట తేలిపోవాలి. మీ నందిగామోళ్లకి తీరికెక్కువ" అన్నాడు.

జనవరిలో మంచు తుపాను. పై పోస్టు తలుపు కూరుకుపోయింది. కిరోసిన్ అయిపోయింది. లోపల ఇద్దరే. రెండో జవానుకు జ్వరం. సహాయక దళం బయల్దేరింది గాని, చీకటి పడేలోపు చేరడమే కష్టం. ఆ చలిలో కన్ను మూస్తే మళ్లీ తెరవరు. కమాండరు ఆజ్ఞ ఒక్కటే: "అతన్ని నిద్రపోనివ్వకు."

ఆట మొదలుపెట్టాను. రెండో ఎత్తుకే మంత్రి వచ్చింది. కాసేపటికి దాన్ని తెచ్చి నా గుర్రానికి అందేచోట పెట్టాడు. కొడితే ఆట అయిపోతుంది. అమ్మవారిని తలచుకుని, కొట్టకుండా ఓ మూల బంటును జరిపాను.

చాలాసేపటికి పలికాడు. "ఎందుకు కొట్టలేదక్కా?"

"ఆడు తమ్ముడూ."

"ఇంకా లైన్లోనే ఉన్నామా?"

"ఉన్నాం. మన వంతు రాలేదు. ఆడు."

ఆ తర్వాత రేడియోలో గరగర తప్ప ఏమీ వినబడలేదు.

దళం చేరేసరికి జ్వరపడిన జవాను బతికే ఉన్నాడు. అతని మీద రెండు స్లీపింగ్ బ్యాగులు కప్పి ఉన్నాయి. రేడియో ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఒక ప్రాణమైనా మిగిలినందుకు ఈనాటికీ దేవుడికి దణ్ణం పెడుతున్నాను.

వాతావరణం తేరుకున్నాక రేడియో సెట్టు కిందికి తేవడానికి పై పోస్టుకు వెళ్లాను. అట్టపెట్టె మూత మీద పెన్సిలుతో గీసిన గడులు. దగ్గుమందు సీసా మూతే మంత్రి. తన బంట్లన్నిటికీ ముందు ఒంటరిగా నిలబడి ఉంది.

డ్యూటీ ముగించి ఇల్లు చేరి ఏళ్లయింది. ఆ సీసా మూత నా కళ్ల ముందు నుంచి కదల్లేదు.

అతని పేరు ఖాసిం. ముక్త్యాల వైపు వెళ్లినప్పుడు, వంతు కోసం ఆగి ఉన్న సిమెంటు లారీలు కనబడితే, అతన్ని ఒక్కసారి తలచుకోండి.